కుండలో కొమ్మ

మాది కర్నూలు. హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసే చోటు మా ఇంటికి ఎంతో దూరం లేదు. ఏరు పక్కనే ఉన్నా, ఎండాకాలం వచ్చిందంటే మాకు నీళ్ళకు కటకటే. మా అమ్మ తెల్లవారకముందే లేచి, కొళాయి ముందు బిందెలు వరసగా పెట్టేది. అటువంటి ఊళ్ళో పుట్టిన మేము, నీళ్ళలో నిలబడి పెరిగే అడవిని చూడటానికి 2018లో బయలుదేరాము. ఆ ప్రయాణానికి మేము ఎలా సిద్ధమయామో ఇప్పుడు చెబుతాను.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మా చిన్నాయన కడపలో బండ్లకు బాడీలు కట్టే పని చేస్తాడు. ఆయన ఒక పాత వ్యాను కొని, లోపల అటూ ఇటూ పడుకోవటానికి బల్లలు వేశాడు. ఒక మూల పొయ్యి, దాని పక్కన చిన్న అలమర, కింద 120 లీటర్ల నీళ్ళతొట్టి అమర్చాడు. రవాణా శాఖవారికి బండి చూపించి, అనుమతి కూడా తీసుకున్నాడు.

ఇటువంటి బండిని కారవాన్ అంటారు. సరదా ప్రయాణం కోసమే కట్టించుకున్న మొదటి కారవాన్లలో ఒకటి, గోర్డన్ స్టేబుల్స్ అనే ఆయనది. ఆయన ఓడల్లో వైద్యుడుగా పనిచేసి, తరవాత పిల్లలకు సాహస కథలు రాశాడు. 1885లో ఆయన ఇంగ్లండులో ఒక ఇంటిబండిని చేయించి, రెండు గుర్రాలు కట్టి, దేశమంతా తిరిగాడు.

ఈ సంగతి నేను గొప్పగా చెబితే మా జేజి నవ్వింది.

"ఇందులో వింతేముంది? నా పెళ్ళయిన కొత్తలో గూడుబండి కట్టుకుని అహోబిలం తిరునాళ్ళకు పోయినాము. పోయిన్నాళ్ళూ వచ్చిన్నాళ్ళూ బండే మాకు ఇల్లు," అన్నది జేజి.

నేను ఒక నోటుపుస్తకం తీసి, మొదటి పేజీలో నాలుగు ప్రశ్నలు రాశాను: ఎక్కడికి? ఎప్పుడు? ఏ దారిన? ఏమేమి వెంట తీసుకుపోవాలి?

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నాయన చెప్పాడు. కాకినాడకు దగ్గిరలో, గోదావరి సముద్రంలో కలిసే ప్రాంతంలో కోరంగి అభయారణ్యం ఉన్నది. దీన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అక్కడ పెరిగేవి మడచెట్లు. సముద్రం పోటు వచ్చినప్పుడు వాటి మొదళ్ళు నీళ్ళలో ఉంటాయి. ఆటు వచ్చినప్పుడు బురదలో ఉంటాయి. ఆ అడవిలో నీటికుక్కలూ, చేపలను పట్టి తినే బావురుపిల్లులూ ఉన్నాయి. మనుషులు బురదలో దిగకుండా నడిచి చూడటానికి కొయ్యబాట వేశారు.

"అన్నివైపులా నీళ్ళేనా?" అని జేజి అడిగింది.

"నీళ్ళే!" అన్నాడు తమ్ముడు సంతోషంగా.

"అయితే నేను రాను. మీరు పోయిరాండి," అని జేజి లేచి లోపలికి వెళ్ళిపోయింది.

జేజి ఎందుకలా అన్నదో మాకు తెలుసు. 2009 అక్టోబరు 2న తుంగభద్రా, హంద్రీ పొంగి కర్నూలును ముంచేశాయి. అప్పుడు నాకు నాలుగేళ్ళు. ఆ రాత్రంతా జేజి నన్ను ఒళ్ళో పెట్టుకుని మిద్దెమీద కూర్చున్నదట. నాకేమీ జ్ఞాపకం లేదు. జేజికి మటుకు అన్నీ జ్ఞాపకమే. "నీళ్ళు కనపళ్ళేదు. చీకట్లో వాటి సప్పుడే వినపడింది. ఇప్పటికీ చెవుల్లో ఉంది," అని ఆమె ఎన్నోసార్లు అన్నది.

నోటుపుస్తకంలో మా అందరి పేర్లూ రాశాను. అమ్మ, నాయన, చిన్నాయన, నేను, తమ్ముడు. జేజి పేరు రాసి, పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టాను.

రెండో ప్రశ్న: ఎప్పుడు? మన సముద్రతీరానికి పెద్ద తుపానులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. 1839 నవంబరులో వచ్చిన తుపాను, ఓడలు కట్టే పెద్ద రేవుగా ఉండిన కోరంగిని నాశనం చేసింది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలో ఎందరినో పొట్టన పెట్టుకున్నది. అందుచేత సంక్రాంతి దాటినాక వెళ్దామని నాయన అన్నాడు. చలికాలం గనక, దూరదేశాల పక్షులు కూడా అప్పుడు అక్కడ ఉంటాయి.

సంక్రాంతి తరవాత ఏ రోజు? ఇక్కడ జేజి పంచాంగం మాకు పనికివచ్చింది. సముద్రానికి ఇంచుమించు రోజుకు రెండుసార్లు పోటూ, రెండుసార్లు ఆటూ వస్తాయి. ఇవాళ వచ్చిన వేళకన్నా రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో ఉండి సముద్రాన్ని లాగుతారు గనక, అప్పుడు పోటు పెద్దది. సగం చంద్రుడు కనిపించే సప్తమి, అష్టమి రోజుల్లో పోటు చిన్నది.

"జేజీ, సంక్రాంతి దాటినాక సప్తమి ఎప్పుడు?" అని అడిగాను.

"రథసప్తమే కదా! 24వ తేదీ," అన్నది జేజి, పుస్తకం చూడకుండానే.

మూడో ప్రశ్నకు నాయన పటం ముందు పెట్టుకున్నాడు. కర్నూలు నుంచి నంద్యాల. అక్కడ నుంచి నల్లమల కొండదారి దిగి గిద్దలూరు. కంభం, వినుకొండ, నరసరావుపేట మీదుగా గుంటూరు. మొదటి రాత్రి అక్కడ మకాం. మర్నాడు విజయవాడ, ఏలూరు, రాజమండ్రి దాటి కాకినాడ. మొత్తం సుమారు 550 కిలోమీటర్లు. బండి బరువైనది గనక, రెండు పగళ్ళు ప్రయాణం, రాత్రి విశ్రాంతి. అభయారణ్యంలో మనకు తోచిన చోట బండి నిలిపి పడుకోకూడదు. అందుచేత రాత్రి మకాం కాకినాడ దగ్గిర తెలిసినవారి తోటలో ఏర్పాటు చేసుకుని, పగలు మటుకు అడవికి వెళ్ళాలనుకున్నాము.

ఇక మిగిలింది నాలుగో ప్రశ్న. అన్నిటికన్నా అదే కష్టమైంది. నీళ్ళ అడవికి పోతూ నీళ్ళు మోసుకుపోవటమేమిటని తమ్ముడు నవ్వాడు. కాని అక్కడ ఉన్నవి ఉప్పునీళ్ళు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆ నీళ్ళు తాగితే, ఒంట్లో చేరిన ఉప్పును బయటికి పంపటానికి తాగినదానికన్నా ఎక్కువ నీరు ఖర్చవుతుంది. దాహం తీరకపోగా పెరుగుతుంది.

మడచెట్లకు కూడా ఇదే ఇబ్బంది. చుట్టూ నీళ్ళున్నా వాటికి మంచినీరు దొరకటం కష్టం. అందుకే వాటి ఆకులు దళసరిగా ఉండి, నీటిని పొదుపుగా వాడుకుంటాయి. కొన్ని జాతులు ఉప్పును వేళ్ళ దగ్గిరే చాలావరకు ఆపేస్తాయి. కొన్ని జాతులు లోపలికి వచ్చిన ఉప్పును ఆకులమీదికి చెమటలాగా వదిలేస్తాయి. ఇది విని జేజి, "అయితే అవీ మన సీమ చెట్లలాంటివే, పాపం!" అన్నది.

నేను లెక్క వేశాను. మనిషికి రోజుకు తాగటానికి 3 లీటర్లు, వంటకు 2, ముఖం చేతులకు 4, గిన్నెలకు 2; మొత్తం 11. ఆరుగురికి 66 లీటర్లు. తొట్టిలో పట్టేవి 120. అంటే పూర్తిగా రెండు రోజులకు కూడా చాలవు. ప్రతి సాయంకాలమూ మకాం చేసిన చోట నింపుకోవలసిందే. నీళ్ళు బరువు కూడా. లీటరు నీరు ఒక కిలో. తొట్టి నిండితే ఇద్దరు మనుషులను అదనంగా ఎక్కించుకున్నట్టే.

లెక్క సరిగా ఉన్నదో లేదో చూడటానికి, బయలుదేరే ముందు ఒక ఆదివారంనాడు ఓర్వకల్లు రాతివనాలదాకా వెళ్ళివచ్చాము. అక్కడ రాళ్ళే ఎక్కువ గనక జేజి కూడా వచ్చింది. పోయేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు తొట్టి సగమే ఉన్నది. దారికి అడ్డంగా మేకలు రాగా, చిన్నాయన బ్రేకు వేశాడు. తొట్టిలో నీళ్ళు ఒక్కసారిగా ముందుకు ఉరికి దడాలుమని కొట్టినవి. బండి ఊగిపోయింది. అలమరలోని సీసాలు దొర్లి కిందపడినవి. జేజి కళ్ళు మూసుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకున్నది.

బండి ఆగింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు. కాస్సేపటికి జేజి కళ్ళు తెరిచి, "ఏమబ్బా, తొట్లో కొమ్మ వెయ్యలేదా?" అని చిన్నాయనను అడిగింది.

మాకు అర్థం కాలేదు. అప్పుడు జేజి చెప్పింది. పూర్వం బండిమీద కుండలతో నీళ్ళు తెచ్చేటప్పుడు, ప్రతి కుండలోనూ ఒక మోదుగాకుల కొమ్మ వేసేవారట. దారి ఎంత గతుకులుగా ఉన్నా నీళ్ళు తొణికేవి కావట.

ఇంటికి రాగానే నేనూ తమ్ముడూ రెండు బకెట్లు సగం సగం నింపి, ఒకదానిలో కొమ్మ వేసి, రెండూ ఊపి చూశాము. కొమ్మలేని బకెట్లో నీళ్ళన్నీ ఒకే ముద్దగా కదిలి, అంచు దాటి ఒలికినవి. కొమ్మ ఉన్నదానిలో నీళ్ళు ఆకుల మధ్య చీలి, చిన్న చిన్న సుళ్ళుగా తిరిగి, బలం పోగొట్టుకుని అణిగిపోయినవి. చిన్నాయన ఈ సంగతి చూసి కడపకు వెళ్ళి, తొట్టి లోపల చిల్లులున్న అడ్డుపలకలు మూడు బిగించుకుని వచ్చాడు. పెద్ద పెద్ద నీళ్ళ లారీలలో కూడా ఇటువంటి అడ్డుపలకలే ఉంటాయట.

ఆ రాత్రి మడ అడవుల గురించి చదువుతూ ఉంటే నాకొక విషయం కనిపించింది. సముద్రం నుంచి వచ్చే అలలు, మడచెట్ల వేళ్ళ మధ్యా కొమ్మల మధ్యా చీలి, బలం తగ్గిపోతాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, తమిళనాడులో పిచ్చావరం మడ అడవి వెనకవున్న పల్లెలకు నష్టం తక్కువగా జరిగింది. మరీ పెద్ద తుపానును మడ అడవి పూర్తిగా ఆపలేదు. అయితే, దాని దెబ్బను తగ్గిస్తుంది.

నేను పుస్తకం పట్టుకుని జేజి దగ్గిరికి వెళ్ళి, చదివి వినిపించాను. జేజి చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "అంటే ఆ అడవి సముద్రంలో వేసిన కొమ్మన్నమాట," అన్నది.

"అవును జేజీ."

"అంత పెద్ద కొమ్మను ఎవరు వేసినారో!" అని, ఆమె నా చేతిలోని పెన్ను తీసుకున్నది. నోటుపుస్తకంలో తన పేరు పక్కనున్న ప్రశ్న గుర్తును తానే కొట్టేసింది.

జనవరి 22న తెల్లవారుజామున బయలుదేరాము. నల్లమల కొండదారిలో ఎన్ని మలుపులు తిరిగినా తొట్టి చప్పుడు చెయ్యలేదు.

రథసప్తమినాడు కోరంగి చేరేసరికి ఆటు మొదలయింది. కొయ్యబాటకు రెండువైపులా బురదలోంచి మడచెట్ల వేళ్ళు మేకులు నిలబెట్టినట్టు పైకి పొడుచుకుని ఉన్నవి. బురదలో గాలి ఉండదు గనక, ఆ చెట్లు వేళ్ళను పైకి పంపి ఊపిరి తీసుకుంటాయి. నీళ్ళు ఆ వేళ్ళ మధ్యనుంచి మెల్లిగా వెనక్కు పోతున్నవి. తమ్ముడు ఎండ్రకాయలను లెక్కపెట్టసాగాడు.

జేజి పిట్టగోడలాగా ఉన్న కొయ్యకమ్మి పట్టుకుని నిలబడి, చెవి ఒగ్గి విన్నది.

"సప్పుడే లేదు కదే!" అన్నది.

తరవాత ఆమె నా చెయ్యి వదిలేసి, కొయ్యబాట చివరిదాకా ఒక్కతే నడుచుకుంటూ వెళ్ళింది.