రింగ్ రోడ్డు, జనవరి మంచు

ఢిల్లీ రింగ్ రోడ్డు మీద ధౌలా కువా దగ్గరి మెట్రో స్టేషన్‌కి రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. అక్కణ్ణుంచి తూర్పుకి మోతీబాగ్, భికాజీ కామా ప్లేస్. ఫ్లైఓవర్లు, హారన్లు, మసి. సంక్రాంతి ముందరి మంచు ఎంత దట్టంగా పట్టినా ఆ దారిలో కెమెరా సంచి విప్పబుద్ధి కాదు. ఎడమకు మళ్ళి సరోజినీ నగర్‌లోకి వెళ్తేనే చెట్లు.

ఒకప్పటి వినయ్ నగర్ ఇది. బట్టల బేరానికి వచ్చేవాళ్ళు మార్కెట్ దాటి లోపలికి రారు. ప్రభుత్వ క్వార్టర్ల మధ్య వేప, నేరేడు, రావి, జువ్వి దశాబ్దాలుగా పెరిగాయి. జనవరిలో నేను వెతికేది దిరిసెన. ఆకంతా రాల్చి ఎండుకాయలతో నిలబడుతుంది. కాగితంలాంటి ఆ కాయల్లో గింజలు ఉబ్బెత్తుగా తెలుస్తుంటాయి. పిట్ట వాలితే చాలు, కొమ్మంతా గలగలమంటుంది.

మంచు తెల్లదనానికి కెమెరా మోసపోయి ఫొటోని బూడిదరంగు చేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచాలి. ఆటోఫోకస్ తడుముకుంటే మాను అంచు మీద పెట్టాలి. ఇంతే విద్య. పొగ కలిసిన ఢిల్లీ మంచు పసుపుకి తిరుగుతుంది. దాన్ని కంప్యూటర్లో తెల్లగా కడిగి చూపించేవాళ్ళున్నారు. నాకది దొంగలెక్కలా ఉంటుంది.

2018లో దక్షిణ ఢిల్లీలోని ఏడు ప్రభుత్వ కాలనీలను పడగొట్టి టవర్లు కట్టే పథకం కింద ఒక్క సరోజినీ నగర్‌లోనే 11,000 దాకా చెట్లు కొట్టాలని లెక్క తేల్చారు. చెట్టుకి పది మొక్కలు నాటుతారట! ఆ మొక్కల కింద మనిషి నిలబడేంత నీడ ఎన్నేళ్ళకొస్తుందో ఎవరూ చెప్పరు. ఆ జూన్ ఎండలో జనం వచ్చి మానుల్ని కావలించుకున్నారు. హైకోర్టు నరికివేతను ఆపింది. తర్వాత నక్షాలు మార్చారు, కొన్ని చెట్లను వేళ్ళతో లేపి వేరేచోట పాతారు. టవర్లు మాత్రం లేచాయి.

ఉదయం ఏడింటికి తీస్తే వెనకున్నదంతా మంచు మింగేసి, ఆ దిరిసెన అడవిలో ఉన్నట్టే కనబడుతుంది. పదింటికి అదే చోట క్రేను, రేకుల కంచె, సగం కట్టిన అంతస్తులు తేలతాయి. ఇక్కడి క్వార్టర్లో ఉండి రిటైరైన గుంటూరు పెద్దాయన ఒకరు నా ఫొటోలు చూసి, “ఆ టవర్లు పడకుండా తియ్యి బాబూ, మనవలకి చూపించుకుంటా” అన్నారు. ఆయనకి ఏడింటివి పంపాను. నేను దాచుకునేవి పదింటివి.

రోడ్డు ఎయిమ్స్, ఆశ్రమ్ దాటి యమున వైపు పోతుంది. నది పక్కన మంచు ఇంకా చిక్కగా ఉంటుందని మిత్రులంతా అక్కడికే పోతారు. కంచె వెనక ఏ చెట్టు మిగిలిందో చూసుకోవడంతోనే నాకు తెల్లారిపోతుంది.