పొరుగింటి గాలి

మనిషి తన ఆస్తికి గోడ కట్టుకోగలడు, వాకిటికి తాళం వేసుకోగలడు. కాని తన దొడ్డిలోనుండి వెలువడే గాలిని మాత్రం తన హద్దులలో నిలుపుకోలేడు. ఈ చిన్న సత్యం నాకు బోధపడడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

మాది తూర్పు గోదావరి ప్రాంతంలో ఒక పల్లె. కోళ్ల పెంపకం అక్కడ అనేక కుటుంబాలకు జీవనాధారం. మా నాన్నగారు 1996లో ఊరికి దక్షిణపు కొసన, మా కొబ్బరితోటలో కోళ్ల షెడ్డు వేశారు. నా చదువు, చెల్లెలి పెళ్లి ఆ గుడ్ల రాబడితోనే గడిచాయి. షెడ్డుకు ఉత్తరాన కూతవేటు దూరంలో ఒక పెద్దమ్మ ఇల్లు ఉండేది. రక్తసంబంధం లేకపోయినా నా చిన్ననాటి నుండి ఆమె నాకు పెద్దమ్మే. వేసవి సాయంత్రాలు అరుగుమీద కూర్చుని పైరగాలికి సేదదీరడం ఆమెకు చిరకాలపు అలవాటు. షెడ్డు వచ్చిన తరువాత ఆ పైరగాలి దుర్గంధాన్ని మోసుకొచ్చేది.

ఒకనాడు ఆమె నన్ను పిలిచి, “ఒరే అబ్బాయ్! మీ కోళ్లు గుడ్లేమో మీ ఇంట్లో పెడుతున్నాయి, కంపు మాత్రం మా ఇంట్లో పెడుతున్నాయిరా!” అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను. తరువాత ఆమె మనుమరాలి పెళ్లిచూపులకు వచ్చినవారు ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకొని, కాఫీ అయినా ముట్టకుండా లేచిపోయారు. ఆనాటినుండి పెద్దమ్మ మాతో మాట్లాడడం మానివేసింది.

2014లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుని ఇంటికి వెళ్లాను. నా వృత్తి ఎరిగినవాడు కనుక అతడు నన్ను ఒక పందుల పెంపక కేంద్రానికి తీసుకొనిపోయాడు. మూసి ఉన్న పెద్ద షెడ్డు. దాని క్రింద పేడ నిలువచేసే గొయ్యి. వందలాది పందులున్న చోటు. ముక్కు మూసుకోవడానికి సిద్ధపడి కారు దిగాను. ఆశ్చర్యం! వాన వెలిసిన తోటలోని తడిమట్టి వాసన తప్ప మరేమీ తోచలేదు.

షెడ్డు ప్రక్కన కంపోస్టు, చెక్కపేళ్లు కలిపి పరచిన వెడల్పాటి మడి ఒకటి ఉంది. దానినే బయోఫిల్టర్ అంటారు. షెడ్డులోని గాలిని ఫ్యాన్లు లాగి, ఆ మడి అడుగున ఉన్న ఖాళీలోనికి నెడతాయి. గాలి పైకి వచ్చేటప్పుడు అందులోని అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి వాయువులు చెక్కపేళ్లకు అంటిన తడిలో కరుగుతాయి. అక్కడ కాపురమున్న సూక్ష్మజీవులు వాటిని ఆరగించి, వాసనలేని పదార్థాలుగా మారుస్తాయి. పేరుకు వడపోతే కాని, నిజానికిది మట్టి చేసే భోజనం. మడి మందం ఒకటి, ఒకటిన్నర అడుగులు. గాలి అందులో నిలిచేది 5 సెకన్ల లోపే. అయినా, చక్కగా నిర్వహించినచోట దుర్గంధం నూటికి 80 పాళ్లకు పైగా తగ్గుతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. మురుగునీటి కంపును మట్టిపొరతో హరించే పద్ధతికి అమెరికాలో రిచర్డ్ పోమెరాయ్ 1957లోనే పేటెంట్ పొందాడు. పశుశాలలకు తగిన చౌక మడులను మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు 1990ల చివరిలో రూపొందించారు. అయితే మడిని నిర్మించి మరచిపోతే చాలదు. తేమ నూటికి 40 నుండి 60 పాళ్లు ఉండాలి. ఎండితే సూక్ష్మజీవులు చస్తాయి; మరీ తడిస్తే గాలి సాగదు. ఎలుకలు బొరియలు చేస్తే గాలి వాటిగుండా తప్పించుకొని పోతుంది. కొన్నేళ్లకొకసారి చెక్కపేళ్లను మార్చాలి. ఆ రైతుకు దీనివలన అదనంగా ఒక్క రూపాయి రాదు; కరెంటు ఖర్చు మాత్రం ఉంది. ఎందుకిదంతా అని అడిగాను. పొలాల అవతల ఉన్న ఒక ఇంటిని అతడు చేతితో చూపాడు. ఆ క్షణాన నాకు పెద్దమ్మ అరుగు గుర్తుకు వచ్చింది.

ఇంటికి వచ్చాక ఆ మడి మాకు పనికిరాదని తెలిసింది. మా షెడ్లు నలువైపులా తెరచి ఉంటాయి. ఒకచోటికి చేర్చలేని గాలిని ఏ మట్టీ శుభ్రం చేయలేదు. కాని కంపుకు మూలం తడి పెంట. కారుతున్న నీటిగొట్టాలు బాగుచేయించాను. వాననీరు లోపలికి రాకుండా కాలువ తీయించాను. పెంటమీద పొడి ఊక చల్లించి, దానిని ఎప్పటికప్పుడు తరలించే ఏర్పాటు చేశాను. గాలిలో కలిసిపోయే అమ్మోనియా పైరుకు దక్కవలసిన నత్రజనియే కదా! ఆ నష్టం కూడా కొంత తగ్గింది.

కొన్ని నెలల తరువాత పెద్దమ్మ ఇంటికి వెళ్లి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆమె చాలాసేపు పలుకలేదు. చివరకు, “ఈ మధ్య కొంచెం నయమేరా. వానాకాలంలో కూడా ఇలాగే చూసుకో” అన్నది.

వాసన పూర్తిగా పోలేదు. కాని నేను బయటకు వస్తున్నప్పుడు ఆమె నా వెనుకే వచ్చి అరుగుమీద కూర్చున్నది.