ప్రయాణం ఆగినా ఖర్చు ఆగదు

బాలానగర్‌లో మాది చిన్న కంపెనీ. బాయిలర్లు బాగుచేస్తాం. ఉప్పుడు బియ్యం మిల్లులు గోదావరి జిల్లాల్లో, మందుల ఫ్యాక్టరీలు పరవాడలో, మేమేమో ఇక్కడ. అందుకే జీతాల తర్వాత మా పెద్ద పద్దు ప్రయాణాలదే, నెలకు రెండు లక్షలకు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని తగ్గించమని ఆడిటర్ గారు ఏటా పోరుతుంటారు. నేనేమో ఇంకో లక్ష దానికి చేర్చి పక్కన పెట్టాను, బండి కదలని రోజు కోసం.

ఆ లక్ష ఊరికే పడి ఉండకుండా స్వీప్ డిపాజిట్‌లో వేశాను. కొద్దో గొప్పో వడ్డీ వస్తుంది, అర్ధరాత్రి కావాలన్నా చేతికొస్తుంది. ఫండ్లలో పెడితే ఇంకో నాలుగు రాళ్లు వచ్చేవని మా బావమరిది ఇప్పటికీ సాధిస్తూనే ఉంటాడు. సాధించనీ.

2024 సెప్టెంబరు 1న ఆ డబ్బు అక్కరకొచ్చింది. ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్లు నిలిచిపోయాయి. నందిగామ దగ్గర ఐతవరంలో హైవే మీదికి నీళ్లొచ్చాయి. మా సీనియర్ ఫిట్టరు, హెల్పర్ కుర్రాడు పని ముగించుకుని విజయవాడలోనే గవర్నర్‌పేట లాడ్జిలో ఉన్నారు.

ఫిట్టరు ఫోన్ చేశాడు. "సార్, కారాయన గుంటూరు, పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా తీసుకెళ్తానంటున్నాడు. పద్దెనిమిది వేలు అడుగుతున్నాడు. ఉంటే లాడ్జికి ముందే కట్టాలట. ఏం చేయమంటారు?"

"నన్నడగక్కర్లేదన్నా. ఇరవై వేల లోపు మీ ఇష్టమని కాగితం మీద రాసిచ్చాను కదా. దారి మీద నమ్మకముంటే రండి, లేకపోతే ఉండండి."

కాసేపు ఆలోచించాడు. "ఉంటాం సార్. ఈ కుర్రాడికి ఈత కూడా రాదు."

నీళ్లు తీసేదాకా అక్కడే ఉన్నారు. లాడ్జి, భోజనాలు, ఆగిన రోజుల బత్తా అన్నీ కలిపినా కారు కిరాయిలో సగం కాలేదు. కారు కిరాయి ఎక్కువైనా నేనేమీ అనేవాణ్ణి కాదు, అది వేరే సంగతి.

ఆగిన రోజులకు బత్తా ఇవ్వాలా అని మా లైన్‌లోనే చాలామంది అడుగుతారు. పని చేయని రోజుకు డబ్బెందుకని వాళ్ల వాదన. నా లెక్క వేరు. బత్తా రాదని తెలిస్తే మనిషి ఎలాగోలా ఇంటికి చేరాలని చూస్తాడు. లారీ ఎక్కుతాడు, నీళ్లు పారుతున్న చప్టా దాటుతాడు. రోజుకు ఎనిమిది వందలు మిగుల్చుకోబోయి మనిషిని వాగు పాలు చేసే కంపెనీ ఏ లెక్కలో లాభపడినట్టు? చప్టా దాటి వచ్చినవాణ్ణి ఆఫీసులో శభాష్ అనడం కూడా మా దగ్గర నిషేధం.

ఇక డబ్బు పంపడం. మా నెట్‌బ్యాంకింగ్‌లో ఒకరు ఎక్కించాలి, మరొకరు ఆమోదించాలి. మోసాలు జరగకుండా అది మంచి ఏర్పాటే. కానీ ఆ రెండో మనిషి పెళ్లి పందిట్లో ఫోను సైలెంట్‌లో పెట్టుకుని కూర్చుంటే, ఖాతాలో ఎంతుండి ఏం లాభం? అందుకే టూర్‌కెళ్లే సీనియర్ల చేతికి కంపెనీ ప్రీపెయిడ్ కార్డు ఇచ్చాం, ఇరవై వేలు ఎక్కించి. దానితోపాటు ఐదు వేల నగదు, వంద, రెండు వందల నోట్లలో. కరెంటు పోయి సెల్ టవర్లు పడుకున్న ఊళ్లో యూపీఐని నమ్ముకుంటే టీ కూడా దొరకదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఒకే మనిషికి ఒక రోజులో పది వేలకు మించి నగదు ఇస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆదాయపు పన్ను లెక్కలో దాన్ని ఖర్చుగా ఒప్పుకోరు. పెద్ద కిరాయిలు కార్డు మీదే కట్టమంటాను.

టికెట్ల దగ్గర మా పద్ధతి చాలామందికి వింతగా అనిపిస్తుంది. వెళ్లేటప్పుడు దొరికినంత చౌక టికెట్, వచ్చేటప్పుడు మాత్రం తేదీ మార్చుకోగలిగిందే. బాయిలర్ ఎప్పుడు దారికొస్తుందో దానికే తెలియదు, మనకేం తెలుస్తుంది! వర్షాకాలంలో రెండువైపులా రైలుకే నా ఓటు. రైల్వేయే రైలు రద్దు చేస్తే ఈ-టికెట్ డబ్బు మొత్తం దానంతటదే వెనక్కొస్తుంది. మూడు గంటలకు మించి ఆలస్యమై ప్రయాణం మానుకుంటే మాత్రం, డబ్బు వెనక్కివ్వమని రైలు బయల్దేరేలోపు టీడీఆర్ అనే దరఖాస్తు పెట్టాలి. తత్కాల్‌కు 2025 జులై నుంచి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి, పైగా మొదటి అరగంట ఏజెంట్లు బుక్ చేయలేరు. ఏజెంటు ఉన్నాడులే అనుకునే రోజులు పోయాయి. మా వాళ్లందరి ఐఆర్‌సీటీసీ ఖాతాలకూ ముందే ఆధార్ జతచేయించాం.

విమానం వాతావరణం వల్ల రద్దయితే టికెట్ డబ్బు ఇవ్వాల్సిందే గానీ నష్టపరిహారం ఇవ్వక్కర్లేదు. డీజీసీఏ నిబంధనే అది. కాబట్టి ఆ పరిహారాన్ని మా లెక్కలో రూపాయి కూడా వేసుకోం. ఇంకోటి, ఎంత డిస్కౌంటు చూపినా విమాన కంపెనీ దగ్గర గానీ ఏజెంటు దగ్గర గానీ మా డబ్బు డిపాజిట్‌గా ఉంచం. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయాయి. ముందే డబ్బు కట్టినవాళ్లు వాటి దివాలా కేసుల్లో అప్పులవాళ్ల వరుసలో నిలబడాల్సి వచ్చింది. అందుకే క్రెడిట్ కార్డుతో ఏ టికెట్‌కు ఆ టికెట్టే కొంటాం. అందని సేవకు కార్డు బ్యాంకు దగ్గర అభ్యంతరం చెప్పుకునే వీలైనా ఉంటుంది.

అన్నిటికన్నా బాగా గిట్టింది మాత్రం ప్రయాణమే లేకుండా చేసుకున్న ఏర్పాటు. ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ ఆగితే నానబెట్టిన వడ్లు ఒక్క రోజులోనే వాసన పడతాయి. యజమాని మన వానలూ వరదలూ వినడు, వినాల్సిన పనీ లేదు. అందుకే తణుకులో ఒక పాత డీలర్ దుకాణంలో గేజ్ గ్లాసులు, గాస్కెట్లు, ఫీడ్ పంపు సీళ్లు ఒక అలమారా నిండా పెట్టాం. అలమారా తాళం డీలర్‌దే, సరుకు మాది. ఫోన్‌లో చూపిస్తూ చెబితే మిల్లు ఆపరేటరే గేజ్ గ్లాసు మార్చేస్తాడు. సేఫ్టీ వాల్వు జోలికి మాత్రం ఎవరినీ వెళ్లనివ్వం, దానికి మనిషి వెళ్లాల్సిందే. పరవాడ కాంట్రాక్టుల్లో, దారులు మూసుకుపోతే ఆలస్యానికి పెనాల్టీ ఉండదని ఒక వాక్యం అడిగి రాయించుకున్నాం. అడిగితే ఒప్పుకున్నారు, అంతే.

తుఫాన్ల కాలం అక్టోబరు, నవంబరు. మీ మనుషులు ఊళ్లు తిరిగే కంపెనీ మీదైతే, అంతకుముందే ఒక కాగితం తీసుకుని, సెలవు రోజు అర్ధరాత్రి ఇరవై వేలు పంపాలంటే ఎవరెవరు నిద్ర లేవాలో పేర్లు రాయండి. రెండో పేరు దగ్గరే పెన్ను ఆగిపోతే, మర్నాడే బ్యాంకుకెళ్లి ఆమోదించే మూడో మనిషిని చేర్పించండి.