పైన తోలు మంచిగనే ఉన్నది, లోపల గోడ చినిగింది



మేము మందమర్రిల హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్నం. మా ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కిన మొదటోళ్ళం మేమే. సైకిలు, బండి, ఎడ్లు ఉన్న ప్రతి ఇంటికి పనికొస్తదని ఈ సంగతి రాస్తున్నం.

మా రూమ్‌ల ఉండే తమ్ముడు వానాకాలంల గూడేనికి పోతుంటే బండి బురదల జారింది. హ్యాండిల్ కొస కడుపుల గుద్దింది. నెత్తురు రాలే, తోలు తెగలే, కమిలింది అంతే. ఊళ్ళె ఆర్‌ఎంపీ సూది వేసి, వాపు తగ్గుతదన్నడు. పది రోజులైనా తగ్గలే. దగ్గితే నిమ్మకాయంత ఉబ్బు బయటికొస్తది, పండుకుంటే లోపలికి పోతది. వాపైతే ఇట్ల వచ్చి పోదు కదా అని మాకు అనుమానమొచ్చింది.

మంచిర్యాలకు తీసుకపోయినం. డాక్టరు నిలబెట్టి దగ్గించి చూసి, సీటీ స్కాన్ రాసిండు. కడుపు గోడ కండరం చినిగి, ఆ సందులకెల్లి పేగు తోలు కిందికి వచ్చిందని స్కాన్‌ల తేలింది. దెబ్బతోని వచ్చే హెర్నియా ఇది. తోలు సాగుతది, కండరం అంత సాగదు. హ్యాండిల్ కొస అసొంటిది ఒక్క చోటనే గట్టిగ గుద్దితే, కడుపుల ఒత్తిడి ఒక్కసారి పెరిగి లోపలి గోడ చినుగుతది. సెల్బీ అనే డాక్టరు 1906ల దీని గురించి మొదట రాసిండు. కడుపుకు దెబ్బ తగిలిన వందమందిల ఒక్కరికి కూడ రాదంటరు. అందుకే చానమంది దీన్ని ఉత్త వాపే అనుకుంటరు.

వరంగల్ పెద్దాసుపత్రిల ఆపరేషన్ అన్నరు. వాళ్ళమ్మ ఒప్పుకోలే. కడుపు కోస్తే మొగపిల్లగాడు పనికిరాకుంట పోతడని ఎవరో చెప్పిండ్రు. అటు పత్తి ఏరే కాలం. డాక్టరు మాటలు మేము గోండిల చెప్పినం, ఆమె మాటలు తెలుగుల డాక్టరుకు చెప్పినం. ఆమె అడిగింది ఒక్కటే: "మళ్ళ నాగలి పడతడా?" "పడతడు, కని మూడు నెలలు ఆగాలె. కుట్టకుంటే మాత్రం పేగు ఎప్పుడన్న ఇరుక్కోవచ్చు" అన్నడు డాక్టరు. అప్పుడు ఆమె కాయితం మీద వేలిముద్ర వేసింది.

ఆపరేషన్‌ల ముందుగాల పేగుకు దెబ్బ తగిలిందా అని చూస్తరు. తగలకుంటే లోపలికి నెట్టి, చినిగిన కండరాన్ని పొరపొరగ కుడతరు. సందు పెద్దగుంటే వల అసొంటి మెష్ పెడతరు. పేగుకు చిల్లు పడి కడుపుల మురికి చేరితే, చీము పడుతదని మెష్ పెట్టుడుకు జంకుతరు. మావోనికి పేగు మంచిగనే ఉండె, మెష్ పెట్టిండ్రు.

పైసల సంగతి. ఆరోగ్యశ్రీ 2007ల మొదలైంది. 2023 డిసెంబర్ నుంచి మన రాష్ట్రంల ఇంటికి ఏడాదికి పది లక్షల దాక చేసిండ్రు. ఆధార్, రేషన్ కార్డు పట్టుకపోయి, ఆసుపత్రిల ఆరోగ్యమిత్ర కాడ అడుగుండ్రి. సిగ్గుపడకుండ్రి.

కడుపుకు దెబ్బ తగిలినంక ఉబ్బు కనబడితే నూనె పెట్టి రుద్దకుండ్రి, పట్టీ బిగించకుండ్రి, బస్తాలు మొయ్యకుండ్రి. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకున్నా, వాంతులైనా, గాలి బయటికి పోకున్నా, ఉబ్బు మీద తోలు రంగు మారినా తెల్లారేదాక ఆగకుండ్రి. 108కు ఫోన్ చేయుండ్రి.

మావోడు ఇప్పుడు క్లాసులకు వస్తున్నడు. వాని నీళ్ళ బకెట్ మేమే మోస్తున్నం. ఈ ఏడు వాళ్ళ చేన్ల పత్తి ఏరుటానికి మేము నలుగురం రెండు ఆదివారాలు పోయినం. మీ ఊళ్ళె ఎవరికన్న ఇసొంటి ఉబ్బు ఉంటే, వాళ్ళకు మన భాషల ఇదంత చెప్పుండ్రి.