పిడికెడు బియ్యము

గృహకృత్యములలో దానమునకు మనము సాధారణముగా ఇచ్చు స్థానము కడపటిది. ఇంటిల్లిపాదియు భుజించిన పిమ్మట గిన్నెలో మిగిలినది వాకిటికి వచ్చినవారికి పెట్టుదుము. కట్టి విడిచిన చీర పనిమనిషికి ఇత్తుము. పారవేయుటకన్న ఇది మేలే. కాని మిగిలినది పెట్టుటకును, ముందుగా తీసిపెట్టుటకును గల భేదమును మనము కొంచె మాలోచింపవలసి యున్నది. ఈ భేదమును మాకు తేటపరచినది మా వీధిలోని క్రైస్తవ స్త్రీల ఆచార మొకటి.

తెలుగునాట పెక్కు క్రైస్తవ కుటుంబములలో, అన్నమునకు బియ్యము కొలిచిన వెంటనే, కడుగుటకు ముందే, ఇల్లాలు అందుండి ఒక పిడికెడు తీసి వేరొక డబ్బాలో వేయును. ఆదివారమునాడు ఆ బియ్యము చర్చికి చేరును. 1912లో డోర్నకల్లునకు బిషప్పై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడైన అజరయ్యగారు, ఇచ్చుటయు ఆరాధనలో భాగమేయని బోధించి, ఆ విషయముపై గ్రంథమును సైతము వ్రాసిరి. ఈశాన్యమున మిజోరాము కొండలలో, ఆనాడు లుషాయి కొండలని పేరొందిన చోట, ప్రెస్బిటేరియను సంఘ స్త్రీలు 1910లో ఈ పిడికెడు బియ్యపు వ్రతమును ఆరంభించిరి. వారి భాషలో దానిని ‘బుహ్‌ఫాయి థామ్’ అందురు. అది నేటికిని విడువక సాగుచున్నది. చేత రొక్కము లేని స్త్రీకిని ఇచ్చుటకు ఒకటి యున్నదని ఆ పిడికిలి చాటుచున్నది.

మా వీధి చివరి చర్చిలో ఈ పనిని చూచువారు ఎనమండుగురు స్త్రీలు. జీతము లేదు, బిరుదు లేదు. ప్రార్థన ముగిసిన పిదప వసారాలో చాప పరచుకొని, చేటలతో కూర్చుండి బియ్యమును చెరిగి రాళ్లేరుదురు. ఇరువది యిండ్లనుండి వచ్చిన బియ్యము ఒక తీరున నుండదు గదా! పాతదియు కొత్తదియు కలిపి వండినచో ఒకటి పలుకగును, ఒకటి ముద్దయగును. అందుచేత వారు సన్నమును దొడ్డును, పాతను కొత్తను వేర్వేరు డబ్బాలలో పోయుదురు. పుచ్చుకొనువారి అన్నము మన అన్నమువలెనే ఉడుకవలెనను తలంపు ఎంత గొప్పది! పిదప ఒంటరి వృద్ధులకును, సంపాదించువాడు మంచమెక్కిన యిండ్లకును సంచులు కట్టుదురు. అన్ని సంచులు నొకటే కొలత. ఎవరి కిచ్చినది ఒక నోటుపుస్తకములో వ్రాసికొందురు గాని, ఆ పేర్లు సభలో చదువరు.

ఈ లెక్క పెట్టుటకును వారికి ఒక ఆధార మున్నది. బైబిలులోని అపొస్తలుల కార్యముల ఆరవ అధ్యాయమున, దినదినము జరుగు పంపకములో గ్రీకు మాటలాడు విధవరాండ్రు ఉపేక్షింపబడుచున్నారని ఫిర్యాదు కలిగినట్లును, అంతట ఆ పని చూచుటకు ఏడుగురిని నియమించినట్లును ఉన్నది. దయ యున్నంత మాత్రమున చాలదు. ఎవరి యింటికి చేరలేదో చూచు కన్ను వేరుగా నుండవలెనని దీని తాత్పర్యము.

ఆ కన్ను ఒకప్పుడు మా యింటిని చూచినది. 2020 మార్చి 25వ తేదీనుండి కరోనా కారణమున దేశమంతట రాకపోకలు నిలిపివేయబడెను. మా వారు ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయులు. పాఠశాల మూతపడెను, రెండు నెలలకు జీతమును నిలిచెను. ఇట్టి కుటుంబములు పెక్కు లుండుటచేతనే 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము ప్రైవేటు పాఠశాలల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలును 25 కిలోల బియ్యమును ప్రకటించినది. నడిమి నెలలు ఎట్లు గడచెనో ఆ యిల్లాండ్రకే తెలియును. అడుగుట ఎవరికిని సులభము కాదు. ఊరివారందరు నమస్కరించు పంతులుగారి యింట మరియు కష్టము.

ఒకనాటి సాయంత్రము ఆ స్త్రీలలో నొకామె, మా వారివద్ద చదువుకొన్న పిల్లవాని తల్లి, గుడ్డసంచితో వచ్చినది. “అమ్మగారూ, వీధిలో అందరం బియ్యం పంచుకుంటున్నామండి. ఇది మీ వంతు” అని గుమ్మములోపల నుంచి, పిల్లలను పలుకరించి వెడలిపోయినది. ఆదివారము ప్రార్థనకు రండని యనలేదు, ఫొటో తీయలేదు. ఆ దినములలో ఒక కూరగాయల సంచిని నలుగురు పట్టుకొని తీయించుకొన్న ఫొటోలు మనమెన్ని చూడలేదు! ఆమె దానమను మాట యెత్తలేదు; వంతు అన్నది. వంతు పుచ్చుకొన్నవారికి సిగ్గేమి? మా తల వంగక నిలిచినది ఆ యొక్క మాటచేతనే.

జీతము మరల కుదిరిన పిదప మా వంటయింటను ఒక డబ్బా వెలసినది. ఆదివారము మేము చర్చికి పోము. మా బియ్యము పోవును.

ఈ ధర్మము మన పురాణేతిహాసములకు క్రొత్త కాదు. భారతమున అశ్వమేధపర్వములోని సక్తుప్రస్థుని కథ మీరెరిగినదే. పరిగె లేరుకొని బ్రదుకు ఆ గృహస్థుడును, భార్యయు, కొడుకును, కోడలును అతిథికి పెట్టినది తాము తిని మిగిల్చిన పిండి కాదు, తినబోవుచున్న పిండి. అందుచేతనే ధర్మరాజు యాగమునకు లేని మహిమ ఆ గుప్పెడు పిండికి కలిగెనని ముంగిస సభలో చెప్పినది.

మేము తూచి చూడగా మా పిడికిలికి 40 గ్రాముల బియ్యము వచ్చినది. రెండు పూటలకు 80 గ్రాములు. నెలకు 2 కిలోల 400 గ్రాములు. ఇరువది యిండ్లు చేరినచో 48 కిలోలు. ఏ యింటను కంచములో లోటు కనబడదు. ఇందులకు చర్చియే కావలెనని లేదు. గుడి వసారాయైనను, మసీదు ముంగిలియైనను, వాడలోని స్త్రీల సంఘమైనను చాలును. అయితే బియ్యము తీయుటకన్న కష్టమైనది దానిని కొనిపోయి యిచ్చు తీరు. ఇచ్చునపుడు నోట వచ్చు మాటను, బియ్యములోని రాళ్లను ఏరినట్లే, ముందుగా ఏరుకొని మరి గడప దాటవలెను.