పాట ఎవరిది?

ప్రజల పాటకు కర్త ఒక్కడు కాడు, సమూహమే కర్త అని తరగతిలో ఏళ్ల తరబడి చెప్పాను. ఉదాహరణగా 'ది మెసేజ్' అనే హిప్-హాప్ పాట వినిపించేవాణ్ణి. 1982లో వెలువడిన ఆ రికార్డు మీద గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ పేరూ, ఫ్యూరియస్ ఫైవ్ పేరూ ఉన్నాయి. న్యూయార్కులోని బ్రాంక్సు పేటకు చెందిన ఆరుగురు యువకులు కలిసి తమ బాధను పాడుకున్నారని నా వ్యాఖ్యానం.

"ఆరుగురన్నారు గదా మాష్టారూ, చరణాల్లో రెండు గొంతులే వినిపిస్తున్నాయేం?" అని ఒక విద్యార్థి అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను.

తరువాత తెలుసుకున్నాను. పాటకు బీజం ఆ బృందానిది కాదు. న్యూజెర్సీలో షుగర్ హిల్ కంపెనీ వాద్యకారుడు ఎడ్ ఫ్లెచర్‌ది. కంపెనీ నడిపే సిల్వియా రాబిన్సన్ దాన్ని బృందం ముందు పెడితే వారికి రుచించలేదు. ఆడిపాడటానికి వచ్చిన జనం కష్టాలెందుకు వింటారని వారి సందేహం. మెల్లీ మెల్ ఒక్కడు కలిసివచ్చాడు. చరణాలు చెప్పింది అతడూ, ఫ్లెచరూ. ఫ్లాష్ పేరు ముందున్నది గాని, అతని టర్న్‌టేబిల్ పాటలో లేదు. చలనచిత్రంలో ఫ్లెచర్ గొంతుకు బృందంలోని మరొకడు పెదవులు కదిపాడు!

అయినా ఆ నాదంలో అబద్ధం లేదు. నడక నెమ్మది; సింథసైజరు స్వరం పదేపదే జారి, మాటకు చోటు విడుస్తుంది. ఆఖరి చరణం మెల్లీ మెల్ 1979లోనే వేరొక పాటలో చెప్పినది. చివర వీధిలో మిత్రుల పలకరింపులు, వెంటనే పోలీసులు, అరెస్టు.

అయితే నా సిద్ధాంతం తప్పా? కాదు, అది సోమరి సిద్ధాంతం. సమూహం అనగానే అందరి వాటా సమానమనుకున్నాను. మన బుర్రకథలోనూ కథకుని పేరు నిలిచింది. డక్కీ వాయించి వంత పాడినవారి పేర్లు మనలో ఎందరికి తెలుసు? సమష్టి అన్న మాట శ్రమకు గౌరవం కావాలి గాని, శ్రామికుణ్ణి కప్పే దుప్పటి కారాదు.

ఫ్లెచర్ తరువాత ఉపాధ్యాయుడై, 2021లో మరణించాడు. ఇప్పటికీ ఆ పాట వినిపిస్తున్నాను. కాని వ్యాఖ్యానానికి ముందు, ఇందులో ఎవరి చెయ్యి ఎక్కడుందో చెప్పమని విద్యార్థుల్నే అడుగుతున్నాను.