ఆటుపోటుల నడుమ ఎర్ర నాచు

అమావాస్యనాటి సాయంకాలం, సముద్రపు పాటు ముగిసే వేళకు, పోర్ట్ బ్లెయిర్ తీరాన రాళ్ళు ఒక్కొక్కటే తలలెత్తుతాయి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ నగరానికి వచ్చే యాత్రికులు సెల్యులార్ జైలు దర్శించి, కార్బిన్స్ కోవ్ ఇసుకలో సేదదీరి వెళ్ళిపోతారు. జారుడు రాళ్ళ దిక్కు చూచేవారు అరుదు.

దక్షిణ అండమాన్‌లోని అటువంటి రాళ్ళపై నివసించే జీవులలో ఒకటి గెలిడియెల్లా అసిరోసా. తీగవలె బిరుసుగా, ఈకలవంటి చిరుకొమ్మలతో అల్లుకొనే ఈ మొక్క ఎర్ర నాచుల జాతిది. ఫైకోఎరిత్రిన్ అనే వర్ణద్రవ్యం నీటి లోపలికి చొచ్చుకువచ్చే నీలి, ఆకుపచ్చ కాంతిని దీనికి పట్టి ఇస్తుంది. తీక్ష్ణమైన ఎండ తగిలితే ఆ ఎరుపు వెలిసి పసుపు, గోధుమ వన్నెలకు తిరుగుతుంది.

మన వంటింటి చైనాగ్రాస్, అనగా అగార్, ఇటువంటి నాచుల నుండి లభించేదే. తమిళనాడులోని మండపం, రామేశ్వరం ప్రాంతాలలో బెస్త స్త్రీలు నీట మునిగి ఈ నాచునే సేకరిస్తారు. 1881 ప్రాంతంలో ఫానీ హెస్సే అనే గృహిణి సలహాతో అగార్ జర్మనీలోని రాబర్ట్ కోచ్ ప్రయోగశాలకు చేరింది. శరీరపు వేడికి కరిగిపోయే జెలటిన్ స్థానంలో సూక్ష్మజీవులను పెంచడానికి అది స్థిరపడింది.

ఇంతటి మొక్కకు కావలసిన చోటు మాత్రం స్వల్పం. పోర్ట్ బ్లెయిర్‌లో పెద్ద పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టంలో తేడా సుమారు 2 మీటర్లు. అందులోనూ దిగువ అంచే దీని నెలవు. పైకి పోతే ఎండ మాడ్చివేస్తుంది. లోతుకు పోతే వెలుగు తరుగుతుంది.

2004 డిసెంబర్ 26నాటి భూకంపం ఆ కొలతనే మార్చివేసింది. పోర్ట్ బ్లెయిర్ నేల సుమారు 1 మీటరు కుంగింది. ఉత్తరాన ఇంటర్‌వ్యూ దీవి పడమటి తీరం మీటరుకు పైగా లేచి, పగడపు దిబ్బలు ఎండకు చనిపోయాయి. నగరం చేరువనున్న సిప్పీఘాట్ పొలాలలో ఉప్పునీరు నిలిచిపోయింది.

ఎర్ర నాచు బీజాలకు ఈదే శక్తి లేదు. అల తీసుకుపోయిన చోట, తగిన ఎత్తున రాయి దొరికితే అంటుకొని మొలకెత్తుతాయి. నాచుకు కావలసింది ఫలానా రాయి కాదు, ఆ ఎత్తు. నీటిగీత జరిగితే దాని సంతతి కూడా జరుగగలదు. సిప్పీఘాట్ రైతు పొలానికి ఆ వీలు లేదు.